గూడెం పాలన కూడా ఒక చదువే: పల్నాడు చెంచులు, అడవి చట్టాలు, మన పిల్లల వుద్యోగాలు

పల్నాడు పేరెత్తగానే అందరూ నాగులేరు, కారంపూడి వీరుల గుడి, బ్రహ్మనాయుడి చాపకూడు, నాయకురాలి కోడిపోరు గురించి చెబుతారు. చరిత్ర పుస్తకాలూ అదే చెప్పాయి, సినిమాలూ అదే చూపించాయి. అయితే ఈ సీమకు నైరుతిన నల్లమల వుంది. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి, మాచర్ల మండలాల అడవి అంచుల్లో చెంచు గూడేలున్నాయి. సుగాలీ తండాలు వున్నాయి. ఎరుకల, యానాది వాడలు వున్నాయి. వీళ్లకు రాజులు లేరు గానీ పాలన వుంది. తగువొస్తే ఎవరు కూర్చోవాలి, ఏ చెట్టు తేనె ఎవరిది, పిల్లనిచ్చేటప్పుడు ఏ ఇంటిపేరుతో కలవకూడదు, తప్పు చేసినవాడికి ఏ శిక్ష వేయాలి, ఆ శిక్ష తర్వాత వాణ్ణి మళ్లీ ఎట్లా కలుపుకోవాలి, వీటన్నిటికీ అక్కడ పద్ధతులున్నాయి. ఇవి రాతలో లేవు కాబట్టి పాలన కాదని అనుకోవటం చదువుకున్నవాళ్ల అలవాటు.

ఈ పద్ధతుల్ని, వాటికి రాజ్యాంగం ఇచ్చిన చోటుని, ఇవ్వకుండా వదిలేసిన చోటుని కలిపి చదవటాన్నే ఆదివాసీ పాలన అధ్యయనం అంటున్నాం. కెనడాలోనూ అమెరికాలోనూ విశ్వవిద్యాలయాలు దీన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా బోధిస్తున్నాయి. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో ఆ పేరుతోనే ఒక కోర్సు నడిచింది. మన దగ్గర ఆ పేరుతో బోర్డు కట్టిన శాఖలు అరుదు. చదువు మాత్రం లేకపోలేదు. న్యాయశాస్త్రం, మానవశాస్త్రం, సామాజిక సేవ, పంచాయతీరాజ్ పాఠాల్లో అది ముక్కలుగా పడి వుంది. ఆ ముక్కల్ని ఎవరు ఏరుకోవాలి, ఏరుకుని ఏం చేయాలి అనేది ఈ వ్యాసం విషయం.

గూడేనికి పెద్ద ఎవరు?

ముందు ఒక మాట సంగతి. నల్లమలలో చెంచులు తమ ఆవాసాన్ని పెంట అంటారు. మన వైపు గూడెం అనే వాడుక కూడా వుంది. మైదానం మనిషికి పెంట అంటే కుప్ప, చెత్త. చెంచుకు అది వూరు, పుట్టిన చోటు. మాలపల్లె, మాదిగగూడెం అన్న పేర్లు ఎవరి నోట్లో ఎట్లా పలుకుతాయో తెలిసిన మనకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

పెంటకు ఒక పెద్దమనిషి వుంటాడు. అతను మునసబు కాదు, దొర కాదు. అతని మాట నలుగురూ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. చిగుర్ల, నిమ్మల, మండ్లి, తోకల వంటి ఇంటిపేర్లు పెళ్లి సంబంధాల్ని నిర్ణయిస్తాయి. వేటకూ తేనెకూ గడ్డలకూ ఒక్కో జట్టు తిరిగే అడవి ఏదో పెద్దలకు తెలుసు. రాయి, వాగు, చెట్టు వాళ్ల సర్వే నంబర్లు. సుగాలీ తండాలో నాయక్ వుంటాడు, అతని పక్కన కార్బారి వుంటాడు. పంచాయితీలో మాట్లాడే వరస, జరిమానా వేసే తీరు అక్కడ వేరుగా వుంటుంది. ఎస్టీ అన్న ఒక్క మాట కింద వీళ్లందరినీ ఒకే గాటన కట్టటం ఆఫీసుకు సుళువు. చదివేవాడు మాత్రం ఆ సుళువుని ఒప్పుకోకూడదు. చెంచులు ప్రభుత్వ లెక్కలో ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహం. 1975లో మొదలైన ఈ వర్గీకరణలో ఇప్పుడు దేశంలో 75 సమూహాలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి వుమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచులు 64,227 మంది.

కృష్ణకు ఆవల ఒక చట్టం, ఈవల ఒక చట్టం

నల్లమల ఒకటే అడవి. దాన్ని కృష్ణ చీల్చుకుని పోతుంది. ఆవల అమ్రాబాద్ పీఠభూమిలో చెంచు పెంటలు, ఈవల కర్నూలు, ప్రకాశం, పల్నాడు వైపు చెంచు గూడేలు. భాష ఒకటే, దేవుళ్లు ఒకరే, బంధుత్వాలూ కలుస్తాయి. చట్టం మాత్రం కలవదు. అమ్రాబాద్ వైపు వూళ్లు రాజ్యాంగంలోని 5వ షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతం. పల్నాడు వైపు గూడేలు కావు. ఎందుకిట్లా జరిగింది?

దీనికి కారణం చెంచుల్లో లేదు, పాత సర్కార్లలో వుంది. అమ్రాబాద్ నిజాం రాజ్యంలోది. 1940లో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అక్కడి చెంచుల మధ్య వుండి పరిశోధన చేశాడు. 1943లో ఆ పుస్తకం వచ్చింది. ఆయన సిఫారసులతో నిజాం ప్రభుత్వం చెంచుల కోసం కొంత అడవిని కేటాయించింది. తర్వాత గిరిజన ప్రాంతాల నిబంధనలు చేసింది. ఆ వూళ్లే 1950 వుత్తర్వులో షెడ్యూల్డు ప్రాంతంగా నమోదయ్యాయి. పల్నాడు మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోది. మద్రాసు వైపు 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలను లెక్కలోకి తీసుకుంది గానీ నల్లమలను తీసుకోలేదు. దొరల కాలంలో గీసిన గీతనే స్వతంత్ర దేశం కాపీ చేసుకుంది. ఆ కాపీ ఫలితం ఇవాళ కూడా గూడేల మీద పడుతూనే వుంది.

అడవి మీద సర్కారు పెత్తనం పల్నాడులో చెంచుల్ని మాత్రమే కొట్టలేదు. పశువుల్ని అడవిలో మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్న కాలంలో, సహాయ నిరాకరణ రోజుల్లో, పల్నాడు రైతులు ఎదురు తిరిగారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు చనిపోయాడు. ఈ కథను స్వాతంత్ర్యోద్యమం కింద పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. దాని వెనక వున్న ప్రశ్న ఏమిటంటే, అడవి ఎవరిది, దాని వాడకాన్ని నిర్ణయించే హక్కు ఎవరిది? అదే ఆదివాసీ పాలన అధ్యయనానికి కూడా మొదటి ప్రశ్న.

పెసా ఏం చెప్పింది?

1992లో వచ్చిన 73వ సవరణ దేశమంతా పంచాయతీలను రాజ్యాంగంలోకి తెచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాలను మాత్రం 243ఎం అధికరణం కింద పక్కన పెట్టింది. అక్కడికి ఆ ఏర్పాటును ఎట్లా విస్తరించాలో చెప్పమని దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది. 1996 డిసెంబరు 24 నుంచి పంచాయతీల విస్తరణ చట్టం అమల్లోకి వచ్చింది. దాన్నే పెసా అంటున్నాం.

పెసా 4వ సెక్షన్‌లో అసలు సంగతి వుంది. వూరు అంటే రెవెన్యూ రికార్డులో వున్న వూరు మాత్రమే కాదు. తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు నడుపుకునే ఆవాసం ఏదైనా వూరే. ఆ వూరి గ్రామసభకు తన ఆచారాలనీ, వుమ్మడి వనరులనీ, తగువులు తీర్చుకునే పద్ధతినీ కాపాడుకునే సమర్థత వుంది. భూమి సేకరించే ముందు దాన్ని సంప్రదించాలి. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, వడ్డీవ్యాపారం మీద అదుపు వుండాలి. పంచాయతీ అధ్యక్ష పదవులన్నీ ఎస్టీలకే. ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని దీనికి తగ్గట్టు సవరించింది. అమలు నిబంధనలు మాత్రం 2011లో గానీ రాలేదు. చట్టం వచ్చాక నిబంధనలకు 15 ఏళ్లు పట్టిందంటే ఈ చట్టం ఎవరికి అవసరం లేకుండా పోయిందో వేరే చెప్పాలా?

ఇదే కాలంలో రెండు తీర్పులు గుర్తు పెట్టుకోవాలి. 1997 జులై 11న సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ 1959 నాటి 1వ నంబరు భూబదిలీ నిబంధన, 1970 నాటి దాని సవరణ మీద ఆధారపడి వచ్చిన తీర్పు. 2013 ఏప్రిల్ 18న నియమగిరి కేసులో, కొండ మీద గనులు తవ్వాలా వద్దా అన్నదానిలో అక్కడి హక్కులూ దేవుడి సంగతీ తేల్చమని గ్రామసభలకే అప్పగించింది. ఒడిశాలో ఆ ఏడాది 12 గ్రామసభలు కూర్చున్నాయి. 12 సభలూ వద్దన్నాయి. గూడెం పెద్దలు మాట్లాడిన మాట ఒక పెద్ద కంపెనీ పనిని ఆపగలిగింది.

మరి పల్నాడుకు ఏం మిగిలింది?

పల్నాడు షెడ్యూల్డు ప్రాంతం కాదు కాబట్టి పెసా ఇక్కడ వర్తించదు. భూబదిలీ నిబంధన వర్తించదు. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. "మాకేం చట్టాల్లేవు గదా" అని గూడెంలో అనిపించేది కూడా ఈ అరకొర సమాచారమే. అయితే 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ప్రాంతమా కాదా అని అడగదు. దేశంలో అడవి వున్న ప్రతిచోటా వర్తిస్తుంది. దాని నిబంధనలు 2008 జనవరి 1న వచ్చాయి, 2012లో సవరించారు. పల్నాడు విద్యార్థి మొదట నోటికి రావాల్సింది ఈ చట్టమే. అందులో కొన్ని సంగతులు విడమరచి చెప్పుకుందాం.

ఒకటి, వూరు అనే మాటకు అర్థం. పంచాయతీ చట్టం ప్రకారం చూస్తే 30 ఇళ్ల చెంచు గూడెం పెద్ద వూరి గ్రామసభలో ఒక మూల కూర్చోవాల్సిందే. అక్కడ ఆసామి మాటే చెల్లుతుంది. అటవీ హక్కుల చట్టం 2వ సెక్షన్ మాత్రం అటవీ గ్రామాల్నీ, పాత ఆవాసాల్నీ, సర్వే కాని పల్లెల్నీ నోటిఫై అయినా కాకపోయినా వూరుగానే లెక్కిస్తుంది. ఇట్లాంటి ఆవాసాల జాబితా తయారు చేయాలని 2012 సవరణ చెబుతుంది. అంటే గూడేనికి తనదైన గ్రామసభ కావాలని అడిగే దారి వుంది. 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేసుకోవాలి. గూడెంలో ఎస్టీలుంటే కనీసం మూడింట రెండు వంతులు వాళ్లే వుండాలి. కనీసం మూడో వంతు ఆడవాళ్లు వుండాలి.

రెండు, ఆవాస హక్కు. 3వ సెక్షన్‌లో 1(ఇ) అనే ఒక చిన్న ఖండం వుంది. చెంచుల వంటి సమూహాలకు సాగు భూమి పట్టా ఒక్కటే కాదు, తాము తిరిగే మొత్తం అడవి మీద సాముదాయిక హక్కు వుంటుందని అది చెబుతుంది. 2012 సవరణలో జిల్లా కమిటీ మీద ఒక బాధ్యత పెట్టారు. ఈ సమూహాల సంప్రదాయ సంస్థలను సంప్రదించి ఆవాస హక్కులు అందేట్టు చూడాలని. సంప్రదాయ సంస్థ అంటే పెద్దమనిషి, అతనితో కూర్చునే నలుగురు. వాళ్ల పాలన ఎట్లా నడుస్తుందో, హద్దులు ఎక్కడున్నాయో తెలియకుండా ఈ హక్కు అర్జీ రాయటం కుదరదు. దేశంలో మొదట ఈ హక్కు మధ్యప్రదేశ్ దిండోరీ జిల్లా బైగాలకు దక్కింది. అక్కడ బైగాల సంప్రదాయ పెద్దల జ్ఞాపకమే పటానికి ఆధారం అయింది.

మూడు, సాక్ష్యం. కాగితం లేనివాడి దగ్గర కాగితం అడగటం పాత పాలన పద్ధతి. 13వ నిబంధన ఆ పద్ధతిని మారుస్తుంది. పెద్దల వాంగ్మూలం రాసుకుంటే సాక్ష్యం. పాత బావి, సమాధులు, దేవుడి చోటు సాక్ష్యం. వంశక్రమం సాక్ష్యం. పేరున్న సంస్థలు చేసిన పరిశోధన, ఆచారాల నమోదు కూడా సాక్ష్యమే. ఉపగ్రహ చిత్రం వీటికి తోడు రావొచ్చు గానీ వీటి స్థానంలో కూర్చోకూడదు. పరిశోధక విద్యార్థులు ఈ మాటని రెండుసార్లు చదవాలి. మీరు రాసే పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం లైబ్రరీలో దుమ్ము పట్టటానికే కాదు, ఒక గూడెం హక్కుకు ఆధారంగా నిలబడటానికి కూడా పనికొస్తుంది. తప్పుగా రాస్తే అదే గూడేనికి నష్టం కూడా చేస్తుంది.

నాలుగు, గడువు. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, అక్కడ న్యాయం దొరక్కపోతే మరో 60 రోజుల్లో జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. మనకు గురజాల, నరసరావుపేట ఆర్డీవో కార్యాలయాల గడప దగ్గరే చాలా అర్జీల తలరాత తేలుతుంది. తిరస్కరించిన సంగతి అర్జీదారుకు తెలియకపోతే 60 రోజులు తెలియకుండానే గడిచిపోతాయి. ఇది చిన్న విషయం కాదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అర్జీలు తిరస్కరించబడినవాళ్లని అడవి నుంచి ఖాళీ చేయించమని చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టాక అదే నెల 28న ఆ వుత్తర్వును నిలిపివేసింది. తిరస్కరించారు అన్న ఒక్క మాట వెనక ఒక ఇల్లు కూలే ప్రమాదం వుంది. ఆ మాట రాసిన కాగితం చదివి చెప్పగల మనిషి గూడెంలో వున్నాడా లేదా అన్నది అందుకే అంత ముఖ్యం.

దళిత విద్యార్థికి ఇందులో ఏం పని?

ఈ ప్రశ్న రావటం సహజమే. దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది బతుకుకు సంబంధించింది. అడవి అంచు వూళ్లలో దళితులు కూడా కట్టెల మీదా, మేత మీదా, పోడు మీదా బతుకుతున్నారు. చట్టం వీళ్లను ఇతర సంప్రదాయ అటవీ నివాసులు అంటుంది. ఎస్టీలు 2005 డిసెంబరు 13కు ముందు అడవిలో వున్నామని చూపితే చాలు. ఇతరులు ఆ తేదీకి వెనక మూడు తరాలు, అంటే 75 ఏళ్లు చూపాలి. లెక్క వేస్తే 1930 డిసెంబరు దాకా పోవాలి. 1930లో పల్నాడులో మాల మాదిగల పేరు ఏ కాగితంలో వుంది? అడంగల్‌లో ఆసామి పేరుంది, పాలేరు పేరు లేదు. ఇక్కడే వెతుకులాట తెలిసిన మనిషి కావాలి. గురజాల వైపు లూథరన్ మిషన్ 19వ శతాబ్దం మధ్య నుంచే వుంది. తర్వాత నరసరావుపేటకు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. చర్చి బాప్తిస్మం రిజిస్టర్లో ఒక తాత పేరు, వూరి పేరు దొరకొచ్చు. 13వ నిబంధనలో ఇచ్చిన సాక్ష్యాల జాబితా ముగిసిపోయిన జాబితా కాదు. అట్లాంటి రికార్డును కూడా ముందు పెట్టి వాదించొచ్చు.

రెండోది ఆలోచనకు సంబంధించింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ వూరిని ఒక గణతంత్రంగా కీర్తించేవాళ్లను తీవ్రంగా ఖండించారు. వూరు అజ్ఞానానికీ ఇరుకుతనానికీ మతతత్వానికీ నిలయం అన్నారు. రాజ్యాంగానికి వూరు కాక వ్యక్తి ప్రమాణంగా వుండటం ఆయనకు సంతోషం. పెసా, అటవీ హక్కుల చట్టం రెండూ గ్రామసభ మీద నిలబడ్డాయి. మరి మనం ఎటువైపు?

కారంపూడిలో ప్రతి కార్తీకంలో వీరుల వుత్సవం జరుగుతుంది. అన్ని కులాలూ ఒక్క చాప మీద అన్నం తిన్న చాపకూడు కథ, మాల కన్నమదాసు వీరత్వం అక్కడ తలుచుకుంటారు. అదే పాత గుంటూరు జిల్లాలో 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. చాప కథలో వుంది, గండ్రగొడ్డలి చేలో వుంది. కులం వున్న వూరి పంచాయితీలో రచ్చబండ ఎవరిదో మనకు తెలుసు. కాబట్టి సంప్రదాయ పాలన అన్న మాట వినగానే మనం వులిక్కిపడటంలో తప్పు లేదు.

అయితే అన్ని సంప్రదాయాలూ ఒకటి కావు. కులం వున్న వూరి సంప్రదాయం ఒకణ్ణి వూరి బయట పెట్టి నడుస్తుంది. పెంట సంప్రదాయంలో వూరి బయట ఇంకో వాడ లేదు. అంబేద్కర్ ఖండించింది మొదటిదాన్ని. అట్లాగని రెండోదాన్ని దేవుడి గూట్లో పెట్టి పూజించక్కర్లేదు. అక్కడ కూడా ఆడదాని మాటకు ఎంత చోటుంది, జరిమానా సొమ్ము ఎటు పోతుంది, పెద్దమనిషిని అటవీ కాంట్రాక్టరు కొనేస్తే ఏం చేయాలి అన్న ప్రశ్నలు వున్నాయి. అటవీ హక్కుల చట్టం కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు వుండాలనీ, పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా వుండాలనీ రాసింది అందుకే. సంప్రదాయాన్ని రాజ్యాంగం కొలతతో కొలవటం, రాజ్యాంగాన్ని గూడెం అనుభవంతో ప్రశ్నించటం, ఈ రెండు పనులూ ఒకేసారి చేయటానికి దళిత అధ్యయనాల్లో తలపండినవాళ్లకు మంచి అర్హత వుంది.

ఎక్కడ చదవాలి?

ఇంటర్ తర్వాత డిగ్రీలో చరిత్ర, రాజనీతి, సామాజిక శాస్త్రం ఏది తీసుకున్నా దారి మూసుకుపోదు. ఆ తర్వాత నాలుగు దారులున్నాయి.

న్యాయశాస్త్రం దారి. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్.ఎల్.బి. చేయొచ్చు. ఇంటర్ నుంచే అయితే క్లాట్ రాసి విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ నల్సార్ వంటి చోట్లకు పోవచ్చు. మానవశాస్త్రం దారి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖలు వున్నాయి. సామాజిక సేవ దారి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ దళిత, ఆదివాసీ అధ్యయనాలను కలిపి ఒక పి.జి. కోర్సుగా నడిపింది. ఆ రెంటినీ కలిపి చదవాలన్న ఆలోచనే మనకు పాఠం. పాలన దారి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ గిరిజనాభివృద్ధి మీద దూరవిద్య డిప్లొమా నడిపింది.

ప్రత్యేకంగా గిరిజన విశ్వవిద్యాలయాలు కూడా వచ్చాయి. అమరకంటక్‌లో ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది. విజయనగరం జిల్లాలో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో మొదలైంది. ములుగులో సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023లో చట్టం వచ్చింది. ఏ కోర్సు ఏ సంవత్సరం వుందో చేరేముందు నోటిఫికేషన్ చూసుకోవాలి. కోర్సుల పేర్లు మారుతుంటాయి, రుసుములు పెరుగుతుంటాయి.

డబ్బు సంగతి. ఎస్టీ పరిశోధకులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులు వున్నాయి. విదేశీ చదువుకు ఎస్టీలకు, ఎస్సీలకు వేర్వేరు పథకాలున్నాయి. ఎస్సీల విదేశీ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలను 2022లో మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు ఆ సహాయం వర్తించదని రాశారు. దళిత విద్యార్థి బయటి దేశానికి పోయి తన కులం గురించి చదవకుండా గేటు వేయటమే అది. దరఖాస్తు పెట్టేవాళ్లు ఆ ఏటి మార్గదర్శకాలు చదివి విషయాన్ని ఎంచుకోవాలి.

చదివి ఏం చేయొచ్చు?

ఆదివాసీ పాలన అధికారి అనే పేరుతో వుద్యోగం ఏదీ లేదు. ఆ మాట ముందే చెప్పుకోవటం మంచిది. ఈ చదువు పనికొచ్చే వుద్యోగాలు మాత్రం చాలా వున్నాయి.

ప్రభుత్వంలో చూస్తే, చెంచుల కోసం శ్రీశైలంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ వుంది. ఐటిడిఎలు, గిరిజన సంక్షేమ శాఖ, విశాఖ కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ, గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థలు, జాతీయ ఎస్టీ కమిషన్, ఇవన్నీ ఈ రంగం. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ చెంచుల వంటి 75 సమూహాల కోసమే. ఇట్లాంటి పథకాల్లో పొరుగు సేవల వుద్యోగాలు వస్తాయి. జీతం తక్కువ, భద్రత లేదు. అయినా అనుభవానికి పనికొస్తాయి. గ్రూప్స్ రాసి డిప్యూటీ కలెక్టరో, తహశీల్దారో, పంచాయతీ అధికారో అయినవాడికి ఈ చదువు వుంటే అదే కుర్చీలో కూర్చుని వేరే పని చేస్తాడు. అర్జీ తిరస్కరించే ముందు పెద్దల వాంగ్మూలం ఎక్కడని అడుగుతాడు.

కోర్టులో చూస్తే, అటవీ కేసులు, భూమి కేసులు, అత్యాచార నిరోధక చట్టం కేసులు నడిపే లాయర్లు తాలూకా స్థాయిలో తక్కువ. హైకోర్టు దాకా పోయే గూడెం కేసుకు మొదటి కాగితం మాచర్లలోనో గురజాలలోనో రాస్తారు. ఆ మొదటి కాగితం బాగుంటే సగం కేసు గెలిచినట్టే.

పటం గీసే పని ఇంకొకటి. సర్వే డిప్లొమా వున్న కుర్రవాడు జిపిఎస్ పట్టుకుని పెద్దమనిషి వెంట నడిచి, ఆయన చెప్పే రాయినీ వాగునీ కాగితం మీదికి ఎక్కించగలిగితే, ఆవాస హక్కు అర్జీకి అది ప్రాణం. సర్వేయరుకు మానవశాస్త్రం, మానవశాస్త్రవేత్తకు సర్వే తెలియకపోవటం వల్లే ఈ పని వెనకపడింది.

టీచరు వుద్యోగం గురించి ఒక హెచ్చరిక. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000 జనవరి 10న వుమ్మడి రాష్ట్రం 3వ నంబరు జి.ఓ. ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఒక తరం ఆదివాసీ పిల్లల వుద్యోగాల ఆశ 5వ షెడ్యూలులో గవర్నరు అధికారానికి హద్దు ఎక్కడ అనే న్యాయ ప్రశ్న మీద ఆగిపోయింది. పాలన చదువుకూ వుద్యోగానికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు ఇంతకంటే పెద్ద వుదాహరణ లేదు. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారు చేసే శిక్షణ కేంద్రం పెట్టినప్పటి నుంచీ, గూడెం పిల్లకు గూడెం మనిషే పాఠం చెప్పాలన్నది ఈ నేల మీద వున్న ఆలోచన. దాన్ని చట్టంలో ఎట్లా నిలబెట్టాలన్నది తర్వాతి తరం లాయర్ల పని.

చివరగా, జీతం లేని పదవులు. అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి, వార్డు సభ్యుడు, సర్పంచి. ఇవి కెరీర్ కాదని మన చదువుకున్నవాళ్లు తీసిపారేస్తారు. గ్రామసభ తీర్మానం పుస్తకం ఎవరి చేతిలో వుంటే పాలన వాళ్ల చేతిలో వుంటుంది. ఆ పుస్తకం రాసే చెయ్యి గూడెం చెయ్యి కావాలి.

రేపటి నుంచి చేయదగ్గ పని

టీచర్లు, విద్యార్థి సంఘాలు డిగ్రీ కోసం ఎదురుచూడకుండా కొన్ని పనులు మొదలుపెట్టొచ్చు. అటవీ హక్కుల చట్టం 2, 3, 4, 6 సెక్షన్లు, 12, 13 నిబంధనలు తెలుగులో కూర్చుని చదవాలి. దగ్గరలో వున్న గూడేనికి అటవీ హక్కుల కమిటీ వుందా, ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని అర్జీలు ఎక్కడ ఆగాయి అని సమాచార హక్కు చట్టం కింద ఆర్డీవో కార్యాలయాన్ని అడగాలి. తిరస్కరించిన ప్రతి అర్జీకి కారణం రాతలో ఇచ్చారా చూడాలి. పెద్దవాళ్ల మాటల్ని వాళ్ల ఒప్పుదలతో, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. రాసుకున్న కాపీ ఒకటి గూడెంలోనే వుంచి రావాలి. మందు మొక్కల జ్ఞానం, గుప్తంగా వుంచే పూజల సంగతులు ఒప్పుకోనిదే అచ్చు వేయకూడదు.

దళిత మిత్రులకు ఒక మాట. మన తరఫున వేరేవాళ్లు మాట్లాడితే మనకు ఎట్లా వుంటుందో మనకు తెలుసు. చెంచుల తరఫున మనం మాట్లాడటం మొదలుపెడితే అదే తప్పు మన వైపు నుంచి జరుగుతుంది. మన పని పక్కన కూర్చోవటం, కాగితం చదివి పెట్టటం, ఆర్డీవో ఆఫీసు బల్ల దగ్గర తోడు నిలబడటం. మొదటి చెంచు పిల్ల లా చదివి గురజాల కోర్టులో నల్లకోటు వేసుకున్న రోజున మన అవసరం అక్కడ తగ్గుతుంది. తగ్గటమే కావాలి. అప్పటిదాకా అరవై రోజుల గడువును లెక్కపెట్టే బాధ్యత మాత్రం చదువుకున్న మన అందరిదీ.